కిందికి పోలేని చేప

కచిడి చేప వలలో పడితే పేపర్లో వార్త. లక్షలు పలికేది దాని మాంసానికి కాదు, లోపలుండే గాలితిత్తికి. చేప నీళ్లలో మునగకుండా, తేలకుండా నిలబడేది దాని వల్లే. లోతు నుంచి గాలంతో లాగినప్పుడు ప్రాణం మీదికి తెచ్చేదీ అదే.

నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైనున్న గాలి బరువు కూడా కలిపితే 30 మీటర్ల లోతున 4 రెట్లు. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె నుంచి బోటులో బాగా లోపలికి వెళ్లి, ఆ లోతున రాతిదిబ్బల్లో ఉండే గ్రూపర్ చేపను పట్టారనుకోండి. పైకి వచ్చేసరికి, పీడనం తగ్గేకొద్దీ గాలి ఉబ్బుతుందనే బాయిల్ సూత్రం ప్రకారం, తిత్తిలో గాలి 4 రెట్లు ఉబ్బాలని చూస్తుంది. పొట్ట బిగుసుకుపోతుంది, కళ్లు ఉబికి వస్తాయి, ఒక్కోసారి తిత్తే పగులుతుంది. నోట్లోంచి బుడగలాంటిది బయటికొస్తే తిత్తి అనుకుని పొడిచేవాళ్లుంటారు. అది తిరగబడి బయటపడ్డ జీర్ణాశయం!

అన్ని చేపలకూ ఈ పాట్లు లేవు. వంజరానికి తిత్తే ఉండదు. కండలేరు లాంటి జలాశయాల్లో పెరిగే శీలావతికి, బొచ్చెకు తిత్తి నుంచి గొంతులోకి సన్నటి గొట్టం ఉంటుంది. ఎక్కువైన గాలిని నోటిగుండా వదిలేస్తాయి. జిలేబికి, గ్రూపర్‌కి ఆ దారి లేదు. గాలి మెల్లగా రక్తంలోకి ఇంకాల్సిందే, అందుకు గంటలు పడుతుంది.

అలాంటి చేపను జాలిపడి నీళ్లలోకి విసిరేస్తే బెండులా తేలుతూ ఎండకో, పక్షులకో బలైపోతుంది. దాన్ని కిందికి దించాలి. పద్ధతి చాలా తేలిక. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును నూరేసి, తాడును గాలం వంపుకి, బరువైన సీసపు గుండును గాలం కన్నానికి కట్టాలి. చేప పెదవికి తగిలించి వదిలితే గుండు లాక్కుపోతుంది. దిగేకొద్దీ పీడనం గాలిని మళ్లీ నొక్కేస్తుంది. అడుగుకు చేరాక తాడును ఒక్క గుంజు గుంజితే గాలం ఊడొస్తుంది. సూదితో గాలి తీసే పద్ధతీ ఉంది కానీ, చేయి తిరగనివాళ్లు లోపలి అవయవాలు చీల్చేస్తారు. నా ఓటు గుండుకే. మెక్సికో సింధుశాఖలోని అమెరికా జలాల్లో రాతిదిబ్బల చేపలు పట్టేవాళ్లు ఇలాంటి సాధనమో, సూదో బోటులో సిద్ధంగా ఉంచుకోవాలని 2022లో చట్టం అమల్లోకి వచ్చింది.

మన వేట బోట్లకు ఇదంతా పట్టదు, పడిన చేపను వాళ్లెందుకు వదులుతారు? ఇది సరదాకి గాలం వేసేవాళ్ల కోసం. గాలం వేయకముందే గుండు కట్టి పెట్టుకోండి. చేప పైకొచ్చాక ముడులు వేస్తూ కూర్చుంటే, దించినా బతకడం కష్టం.