"పేనం బాగోలేదు బాబూ"

మొన్న వేసవిలో మా అత్తకి తోడుగా ఒడిశా సరిహద్దులో ఓ పెద్దాసుపత్రి వార్డులో మూడు రాత్రులున్నాను. పక్క మంచం మీద గుణుపురం వైపు ముసలమ్మ. హౌస్ సర్జన్ కుర్రాడు ముందు ఒడియాలో, తర్వాత హిందీలో నొప్పి ఎక్కడని అడిగాడు. "పేనం బాగోలేదు బాబూ" అందామె. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. నేను కల్పించుకునేలోపే విసుక్కుని ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. రాత్రి రెండింటికి చూస్తే నర్సు బల్ల మీద తల వాల్చి, మెడలో స్టెత్‌తోనే నిద్రపోతున్నాడు. ముందురోజు పొద్దున్నించీ డ్యూటీయేనట.

"ఈ కాలం పిల్లలకి జాలెక్కడిదే" అంది అత్త. నాకు అంత తేలిగ్గా అనబుద్ధి కాలేదు.

ఈ డ్యూటీల గొడవ పాతది. 1889లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి తెరిచారు. అక్కడ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ పెట్టిన శిక్షణ పద్ధతే తర్వాత అంతటా పాకింది. కుర్ర డాక్టర్లు ఆసుపత్రిలోనే మకాం ఉండాలి, రెసిడెంట్ అన్న పేరు అందుకే. ఆ హాల్‌స్టెడ్ కొకైన్‌కి, తర్వాత మార్ఫిన్‌కి అలవాటుపడిన మనిషి. మనవాళ్ళు మాత్రం ఆ రాత్రింబవళ్ళ డ్యూటీల్ని శాస్త్రంలా పాటిస్తూ వచ్చారు! అదే ఏడాది విలియం ఆస్లర్ అనే పేరున్న డాక్టరు వైద్య విద్యార్థులకు చెప్పిన మాట కూడా నిలిచిపోయింది: ఏం జరిగినా డాక్టరు చలించకూడదని. చలించకపోవడం, పట్టించుకోకపోవడం రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

1984లో న్యూయార్క్ ఆసుపత్రిలో 18 ఏళ్ళ లిబ్బీ జియాన్ చనిపోయి, డాక్టర్ల అలసటే కారణమన్న గొడవ రేగాక ఆ రాష్ట్రం రెసిడెంట్లకు వారానికి 80 గంటల హద్దు పెట్టింది. మన కేంద్రం 1992లో వారానికి 48 గంటలేనని ఉత్తర్వు ఇచ్చింది. కాగితం మీద మనదే మెరుగు. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 74 గంటలు మించొద్దని సిఫారసు చేసిందంటే, వార్డుల్లో ఏం జరుగుతోందో వేరే చెప్పాలా?

ఇక భాష. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిశాయి. బరంపురంలో 1962లో, కోరాపుట్‌లో 2017లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. అయినా పర్లాకిమిడి, రాయగడల నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రైలెక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అక్కడైతే మన మాట తెలుస్తుందని. ఎంబీబీఎస్‌లో 15 శాతం జాతీయ కోటా సీట్లతో ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడికొస్తారు. 2019 నుంచి వాళ్ళకి రోగితో మాట్లాడే తీరు నేర్పే 'ఎట్‌కామ్' పాఠాలున్నాయి, మొదట్లోనే స్థానిక భాషా చెబుతున్నారు. మంచిదే. కానీ ఒడిశాలో స్థానిక భాషంటే ఒడియా. తెలుగు, గిరిజన భాషలైన సవర, కువి మాట్లాడే ముసలివాళ్ళు ఆ లెక్కలోకి రారు.

పొద్దున్న ఆ కుర్రాడు మొహం కడుక్కుని వచ్చినప్పుడు చెప్పాను: పేనమంటే ప్రాణం, ఒళ్ళంతా బాగోలేదంటోంది బాబూ అని. మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. "పేనం... ఎప్పుడు నుంచి?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. బీపీ మాత్రలు అయిపోయి పది రోజులైందని అప్పుడు చెప్పిందామె.