కూర్మనాథుడి ఊళ్ళో డార్విన్ పాఠం: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఇరవై రెండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. రక్తప్రసరణ మీద ఏ ఊళ్ళోనూ ఎవరూ నాతో వాదానికి దిగలేదు. పరిణామం చెప్పిన రోజు మాత్రం సాయంత్రానికి టీ కొట్టు దగ్గర నా కోసం ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు. ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: దశావతారాలే పరిణామ సిద్ధాంతం. డార్విన్ మన పురాణాల్లోంచే ఎత్తుకుపోయాడు.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఏళ్ళ తరబడి నేనూ ఇలాగే చెప్పాను. మా బడి కూర్మనాథుడి గుడి ఉన్న శ్రీకూర్మానికి దగ్గర. చేప, తాబేలు, పంది, నరసింహం, వామనుడు అని బోర్డు మీద వరసగా గీసేస్తే పాఠం నల్లేరు మీద బండిలా సాగిపోయేది. ఒక ఏడు వెనక బెంచీలోంచి ఓ గుంటడు లేచాడు. "మేష్టారూ, అలగైతే మనం పందిలోంచి వచ్చీసినామా? మరి సింహం ఏటైపోనాది?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేసి గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను గానీ, నిజానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి పోతన గారి భాగవతం తీశాను. ప్రథమ స్కంధంలో అవతారాలు పది కాదు, ఇరవై రెండు. అందులో వరాహం రెండోది, మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. జీవుల పుట్టుక క్రమం చెప్పడమే కవి ఉద్దేశమైతే పందిని చేప కంటే ముందు పెట్టడు కదా! అక్కడ చెబుతున్నది వేరే సంగతి: లోకానికి కష్టం వచ్చినప్పుడు భగవంతుడు ఏ రూపంలో దిగివచ్చాడన్నది. మందర పర్వతం మునిగిపోతుంటే మొయ్యడానికి వీపు కావాలి, అందుకు తాబేలు. ఆ కథ తన పని తాను చక్కగా చేస్తోంది. దానికి సైన్సు సర్టిఫికెట్ అంటగడితే గౌరవం పెరగదు, తరుగుతుంది.

ఈ పోలిక పాతదీ కాదు. డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. దశావతారాలని పరిణామంతో ముడిపెట్టి రాసింది దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ, 1877లో. అంటే పద్ధెనిమిదేళ్ళ తర్వాత. జీవశాస్త్రవేత్త హాల్డేన్ కూడా ఈ పోలిక తెచ్చాడు. ఆయన ఇంగ్లండు వదిలి వచ్చి భారత పౌరుడయ్యాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి రాసిచ్చాడు. ఆ రెండు ఊళ్ళకీ మధ్యలోనే మన జిల్లా. అంతటివాడు అన్నా అది పోలికే, రుజువు కాదు.

ఇప్పుడు నేను బోర్డు మీద తాబేలు ఒక్కటే గీస్తాను. శ్రీకూర్మం గుళ్ళో ఉన్నవి నక్షత్ర తాబేళ్ళు, నేల మీద తిరిగేవి. వాటి కాళ్ళు రోకలి ముక్కల్లా ఉంటాయి. చలికాలం పోయే వేళకి మన తీరంలో ఇసక తవ్వి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలుకి కాళ్ళుండవు, తెడ్లుంటాయి. పైకి పోలికే కనబడదు. లోపల ఎముకలు చూస్తే భుజం దగ్గర ఒకటి, మోచేతి కింద రెండు, తర్వాత మణికట్టు, వేళ్ళు. మన చేతికీ ఇదే వరస. తెడ్డుకి వేళ్ళెందుకు? వేళ్ళున్న పూర్వీకుడి నుంచి వచ్చింది కాబట్టి. ఇక డిప్ప సంగతి. అది పక్కటెముకలు వెడల్పై కలిసిపోగా వచ్చిన కవచం. చైనాలో దొరికి 2008లో వెలుగు చూసిన సుమారు 22 కోట్ల ఏళ్ళ నాటి శిలాజ తాబేలు ఒకటుంది. దానికి పొట్ట కింద డిప్ప పూర్తిగా ఉంది, వీపు మీద ఇంకా తయారవలేదు. నోట్లో పళ్ళు కూడా ఉన్నాయి! ఇది చెప్పిన రోజు పిల్లలు గంట కొట్టినా కదల్లేదు.

అపోహ: కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయి?

మీ చిన్నాన్న కొడుకు నుంచి మీరు పుట్టలేదు. ఇద్దరికీ తాత ఒకడు. చింపాంజీకీ మనకీ ఆ తాత సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందటివాడు. జీడితోటల్లో పడి పాడుచేసే కోతులు ఇంకా దూరపు చుట్టాలు. చింపాంజీకి క్రోమోజోములు 48, మనకి 46. ఆ రెండూ ఏమైపోయాయని అడిగితే, మన రెండో క్రోమోజోము వాళ్ళ రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటుంది. చివర్లలో ఉండాల్సిన గుర్తులు మధ్యలో దొరుకుతాయి.

అపోహ: సిద్ధాంతం అన్నారంటే ఊహేగా.

గురుత్వాకర్షణా సిద్ధాంతమే. కొబ్బరిచెట్టు కింద ఎవరూ పడుకోరు.

అపోహ: పరిణామం ఒప్పుకుంటే దేవుణ్ణి వదిలెయ్యాలి.

ఇలా అనేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు, గట్టి భక్తులూ, గట్టి నాస్తికులూ. ఈ ఒక్క విషయంలో వాళ్ళిద్దరికీ భలే పొత్తు. బైబిల్లో సృష్టి కథ చెప్పే ఆదికాండం ఆరు రోజుల్ని గడియారం పెట్టి లెక్కించాల్సిందేనా అన్న చర్చ క్రైస్తవంలోనే డార్విన్ కంటే చాలా పాతది. సూర్యుడు నాలుగో రోజున గదా వచ్చాడు, మొదటి మూడు రోజులకి పగలూ రాత్రీ ఎక్కడివని మూడో శతాబ్దంలోనే ఆరిజెన్ అనే క్రైస్తవ పండితుడు అడిగాడు. (అరసవల్లి పక్కన పుట్టినవాళ్ళకి ఈ ప్రశ్న ఇట్టే తడుతుంది.) పరిణామం కేవలం ప్రతిపాదన స్థాయి దాటిందని 1996లో పోప్ జాన్ పాల్ 2 అన్నారు. దేవుడున్నాడా లేడా అన్నది మా ప్రయోగశాలలో తేలే సంగతి కాదు. పిల్లలు అడిగితే ఇంట్లో అడగమంటాను.

ఒకసారి మాత్రం నోరు జారాను. పాస్టరు గారి అబ్బాయిని క్లాసులో నిలబెట్టి, వాడి నమ్మకాన్ని ముక్కలు చేసి, గెలిచాననుకున్నాను. వాడు మళ్ళీ ఆ ఏడంతా ఒక్క ప్రశ్నా అడగలేదు.

అపోహ: పరిణామం లక్షల ఏళ్ళ సంగతి, కళ్ళతో ఎవడు చూశాడు?

మా ఊరి మామ చూశాడు, పేరు తెలియక. స్వర్ణ రకం వరి వేశాడు. పొట్ట దశలో వరి రసం పీల్చే సుడిదోమ తగిలింది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, చేను వలయాలు వలయాలుగా మాడిపోయింది. "మందు కల్తీది మేష్టారూ" అన్నాడు. కల్తీ కావచ్చు, కాదనను. కానీ ఆ మందుకి లొంగని సుడిదోమ 2000 తర్వాత ఆసియా దేశాల్లో చాలాచోట్ల బయటపడింది. లక్ష దోమల్లో ఏ పదింటికో పుట్టుకతోనే తట్టుకునే గుణం ఉంటుంది. మందు మిగతావాటిని చంపి ఆ పదింటికి చేనంతా రాసిచ్చేస్తుంది. తరానికి నెల చాలు. డార్విన్ చెప్పిన ఎంపిక ఇదే. ఇక్కడ ఎంపిక చేసింది మామే, స్ప్రేయరు భుజానేసుకుని.

మామ అంతా విని, "కోతీ తాబేలూ నాకెందుకు గానీ, వచ్చీ ఏడు ఏటి సెయ్యమంటావో సెప్పు" అన్నాడు. ఒకే మందు పదే పదే కొట్టొద్దు, యూరియా తగ్గించు, రెండు మీటర్లకోసారి తూర్పు పడమరగా కాలిబాటలు తియ్యమన్నాను. బాటలు తీస్తే ఎన్ని కుదుళ్ళు పోతాయని వేళ్ళ మీద లెక్కేస్తూ వెళ్ళాడు.