బడి పిల్లల్లో ఫ్లూ: అపోహలు, వాస్తవాలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తిరుపతిని తడిపే రోజుల్లో, ఒకే తరగతికి చెందిన ముగ్గురు నలుగురు పిల్లలు ఒకే వారంలో జ్వరంతో నా దగ్గరకు రావడం ఏటా చూస్తున్నదే. ఎందుకు వచ్చిందంటారు అని అడిగితే సీతాఫలం తిన్నాడనో, వానలో తడిశాడనో పెద్దలు చెబుతారు. పక్కన కూర్చునే పిల్లవాడికి దగ్గు ఉందా అని పిల్లవాణ్ణే అడిగితే మాత్రం, "మొన్నటినుంచీ ఉంది సార్" అని వెంటనే జవాబు వస్తుంది.

అపోహ: వానలో తడవడం, సీతాఫలం, పెరుగు తినడం వల్ల ఫ్లూ వస్తుంది.

ఫ్లూ అనేది ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి రకాల వైరస్‌ల వల్ల వచ్చే జబ్బు కాబట్టి, ఆ వైరస్ ఒంట్లోకి చేరకుండా ఎంత తడిసినా, ఎన్ని పండ్లు తిన్నా అది రాదు. మరి వానల్లోనే ఎందుకు ఎక్కువవుతుందంటే, జల్లు కొడుతుందని తరగతి గది కిటికీలు మూసేస్తారు, ఆటల పీరియడ్ కూడా గదిలోనే గడుస్తుంది, ఇద్దరు పట్టే బెంచీ మీద ముగ్గురు సర్దుకుంటారు. రెండు పక్కలా ఒక్కొక్క కిటికీ తెరిచి ఉంచితే, సీతాఫలం మానిపించడం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

అపోహ: పొద్దున మందు పోస్తే జ్వరం దిగింది, ఇక బడికి పంపవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. గత ఏడాది ఒక తల్లి మూడో తరగతి చదివే కొడుకును మధ్యాహ్నం బడి నుంచి నేరుగా నా దగ్గరకు తీసుకొచ్చింది. "పరీక్ష ఉండాది సార్, మందు పోసే పంపించినా" అంది. ఏడున్నరకు పోసిన పారాసిటమాల్ నాలుగైదు గంటలు జ్వరాన్ని అణచి, పన్నెండు దాటేసరికి వదిలేసింది. ఈలోగా ఆ బాబు కిక్కిరిసిన ఆటోలో వెళ్ళి, ప్రార్థనలో నిలబడి, పరీక్ష రాసి, నీళ్ళ డ్రమ్ము దగ్గర అందరూ తాగే స్టీలు గ్లాసుతోనే నీళ్ళు తాగాడు. పారాసిటమాల్ వేడిని తగ్గిస్తుందే తప్ప వైరస్‌ను ఏమీ చేయదు.

వైరస్ సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. అవి కనబడటానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటించే అవకాశం ఉంటుంది, ఆ తరువాత ఐదు నుంచి ఏడు రోజుల వరకూ ఉంటుంది, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ కాలం కూడా ఉండవచ్చు. అందువల్ల జ్వరం మందు వాడకుండానే కనీసం 24 గంటలు జ్వరం లేకుండా ఉన్న తరువాతే పిల్లవాణ్ణి బడికి పంపాలి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బు ఇచ్చే ప్రభుత్వ పథకానికి 75 శాతం హాజరు కావాలి కదా అని కొందరు అడుగుతారు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే అందులో 55 రోజుల వెసులుబాటు ఉంది, ఫ్లూకు కావలసింది నాలుగైదు రోజులే.

నూరు శాతం హాజరుకు ఇచ్చే బహుమతి విషయంలో నేనూ తప్పు చేసినవాణ్ణే. ఒక బడి వార్షికోత్సవానికి అతిథిగా వెళ్ళి ఆ బహుమతులు నా చేతులతోనే పంచాను. వేదిక ఎక్కిన పిల్లల్లో ఒక పాపకు అంతకు వారం కిందటే నేను ఫ్లూకు మందు రాసి, ఐదు రోజులు ఇంట్లో ఉంచమని చెప్పి ఉన్నాను.

అపోహ: మెడలో కర్పూరం మూట, గదిలో సాంబ్రాణి పొగ ఉంటే వైరస్ రాదు.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఈ మూటలు బాగా చెలామణి అయ్యాయి. కర్పూరం వైరస్‌ను ఆపదు సరికదా, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే మూర్ఛలు రావచ్చు. పొగ వల్ల ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం పెరుగుతుంది. పనికొచ్చేది కుళాయి దగ్గర ఒక సబ్బు ముక్క. మధ్యాహ్న భోజనానికి ముందు పిల్లలు వరుసగా నిలబడి వట్టి నీళ్ళతో వేళ్ళు తడుపుకొని వెళ్ళడమే చాలా బడుల్లో చూశాను. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. దగ్గు వచ్చినప్పుడు అరచేయి కాకుండా మోచేతి మడతను అడ్డం పెట్టుకోవడం ఒకటో తరగతి పిల్లలు కూడా రెండు రోజుల్లో నేర్చుకుంటారు.

అపోహ: ఫ్లూ టీకా వేస్తేనే ఫ్లూ వస్తుంది.

సూదితో వేసే టీకాలో జీవమున్న వైరస్ ఉండదు కాబట్టి దాని వల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది గనుక వానలు మొదలయ్యేలోపే వేయించాలి. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి, తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు మొదటిసారి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఇది లేదు. అందరికీ స్తోమత ఉండదని నాకు తెలుసు, అందుకే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలకు ముందు వేయించమంటాను.

అపోహ: యాంటీబయాటిక్ వాడితే త్వరగా తగ్గుతుంది.

యాంటీబయాటిక్స్ పనిచేసేది బ్యాక్టీరియా మీద, వైరస్ మీద కాదు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. అందరికీ అవసరం లేదు, అవసరమైనవారికి 48 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఇవ్వకూడదు. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, మూత్రం తగ్గి మగతగా పడి ఉన్నా, తగ్గిన జ్వరం రెండు రోజుల తరువాత దగ్గుతో తిరగబెట్టినా, తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.