ర్యామ్ వేస్తే స్పీడవుతుందా? ల్యాప్‌టాప్ అప్‌గ్రేడ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

"సార్, 16 జీబీ ర్యామ్ వేసేయండి. ఎంతవుతుంది?"

ల్యాప్‌టాప్ ఇంకా బ్యాగులోంచి బయటికి రాకముందే ఈ మాట వస్తుంది. ర్యామ్ అంటే అప్పటికప్పుడు నడుస్తున్న పనుల్ని ల్యాప్‌టాప్ పట్టి ఉంచుకునే మెమరీ. ఏం ఇబ్బందో చెప్పరు, ఎప్పట్నుంచో చెప్పరు. జబ్బేంటో చెప్పకుండా ఫలానా ఇంజెక్షన్ వేసేయండి డాక్టరు గారూ అన్నట్టుంటుంది. నేను ల్యాప్‌టాప్‌లు విప్పడం మొదలుపెట్టి 12 ఏళ్లవుతోంది. ఈ 12 ఏళ్లలో ప్రాసెసర్లు మారాయి, డిస్కులు మారాయి, ఈ ఒక్క మాట మాత్రం మారలేదు.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం, ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వడానికి పది రోజులే ఉంది. ల్యాప్‌టాప్ స్లోగా ఉందని ఎక్కడో 8 జీబీని 16 చేయించుకుంది. ఆన్ చేసి చూపించింది. డెస్క్‌టాప్ రావడానికే చాలాసేపు పట్టింది, వర్డ్ తెరుచుకోవడానికి ఇంకో మూడు నిమిషాలు. "ఇంకో 16 వేస్తే సరిపోతుందా సార్?" అని అడుగుతుంటే ఏడుపు ఆపుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచాను, ఏ భాగం మీద ఎంత భారం పడుతోందో చూపించే విండోస్ టూల్ అది. మెమరీ 31 శాతం. దాని కిందే డిస్క్ 100 శాతం, అక్కడి నుంచి కదలడం లేదు.

అపోహ: ర్యామ్ ఎంత పెంచితే ల్యాప్‌టాప్ అంత స్పీడవుతుంది

వాస్తవం: ర్యామ్ చాలనప్పుడు పెంచితేనే తేడా తెలుస్తుంది. ఉన్నదే నిండకపోతే, పైన వేసింది ఊరికే పడి ఉంటుంది. ఇంట్లో గదులు ఖాళీగా ఉండగా ఇంకో గది కట్టించుకోవడం లాంటిదే.

ర్యామ్ చాలకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. విండోస్ చేతులెత్తేయదు. అప్పటికప్పుడు అవసరం లేని వాటిని డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి తోసి, మీరు అడిగినప్పుడు మళ్లీ వెనక్కి తెస్తుంది. పాత ట్యాబ్ మీద నొక్కితే తెల్లగా నిలబడిపోయి, కాసేపటికి పేజీ వస్తుందే, అదీ ఆ రాకపోకల ఫలితమే. ఇలా ఉన్నవాళ్లకి ర్యామ్ వేస్తే నిజంగా ప్రాణం లేచి వస్తుంది. నేను ర్యామ్‌కి శత్రువును కాను, ఊరికే వేయించుకోవడానికే శత్రువును.

కాబట్టి డబ్బు తీసేముందు ఒక పని చేయండి. ల్యాప్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, మీకు విసుగు తెప్పిస్తున్న సమయంలోనే. బ్రౌజర్‌లో రోజూ ఉండే ట్యాబ్‌లన్నీ, ఎక్సెల్, వీడియో మీటింగ్ అన్నీ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లండి. మెమరీ 90 శాతం దగ్గర తిరుగుతూ, కింద "కమిటెడ్" దగ్గర ఉన్న మొదటి అంకె మీ ర్యామ్‌ని బాగా దాటిపోయి ఉంటే, మీకు కావలసింది ర్యామే. 60 శాతం చూసి కంగారు పడకండి. "క్యాష్డ్" అని కనిపించేదాన్ని చూసి అసలు కంగారు పడకండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని విండోస్ అలా వాడుకుంటుంది, అవసరమొస్తే వదిలేస్తుంది.

మెమరీ మామూలుగా ఉండి డిస్క్ 100 శాతంలో ఇరుక్కుపోయిందా? మీది తిరిగే హార్డ్ డిస్క్ అయితే దొంగ దొరికినట్టే. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వచ్చిన హార్డ్ డిస్కులు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. అంటే ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. డేటాని చదివే హెడ్ సరైన చోటికి జరగాలి, ఆ చోటు తిరిగి హెడ్ కిందికి రావాలి. ఈ లెక్కన చిన్న చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా ఉంటే సెకనుకి వంద లోపే చదవగలదు. విండోస్ మొదలవడానికి అలాంటివి వేలకొద్దీ చదవాలి. ఎస్ఎస్‌డీ అంటే డిస్కు బదులు చిప్‌లలో దాచుకునే డ్రైవ్, అందులో తిరిగేదే లేదు, సెకనుకి పదివేలకు పైగా చదివేస్తుంది. ఆన్ చేసిన కొత్తలో అన్నీ డిస్క్ నుంచే రావాలి కదా, అక్కడ మీ 16 జీబీ ర్యామ్ ఏం చేస్తుంది? ఎదురుచూస్తుంది, మీలాగే.

మూడోది ఎవరూ అనుమానించనిది, వేడి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) పేజీలో "స్పీడ్" అన్న అంకె చూడండి. బరువైన పని నడుస్తుండగా అది బేస్ స్పీడ్ కన్నా బాగా దిగిపోయి, 1 గిగాహెర్ట్జ్ లోపు కొట్టుమిట్టాడుతుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదించిందని అర్థం. ఫ్యాన్ మూసుకుపోయి ఉండొచ్చు, ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసే పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. కొన్ని మోడళ్లు తమది కాని ఛార్జర్ పెట్టినా ఇలాగే చేస్తాయి.

ఈ మూడోది నేను నేర్చుకున్న తీరు చెప్పుకోవడానికి నాకే నామోషీ. మొదట్లో అడిగింది వేసిచ్చేవాణ్ని. ర్యామ్ మార్చడం పది నిమిషాల పని, డబ్బు వెంటనే చేతికొస్తుంది, శుభ్రం చేయడానికి గంట పడుతుంది. ఒక పెద్దాయన ర్యామ్ వేయించుకెళ్లి రెండు వారాలకి తిరిగొచ్చారు. కోప్పడలేదు. "స్పీడైందేమో, నాకే తెలియడం లేదేమో బాబూ, ఒకసారి చూడు" అన్నారు. తిట్టినా బాగుండేది. అడుగు మూత విప్పి ఫ్యాన్ పక్కకి తీస్తే, వేడిని బయటికి పంపే రాగి రేకుల ముందు దుమ్ము గుడ్డపీలికలా అల్లుకుపోయి ఉంది. పట్టకారుతో ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడొచ్చింది. పాత పేస్ట్ గోకి కొత్తది పెట్టాను. ర్యామ్ వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేశాను. అప్పట్నుంచి టాస్క్ మేనేజర్ చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం లేదు.

అపోహ: ఇప్పుడు 8 జీబీ తీసుకుందాం, తర్వాత పెంచుకోవచ్చులే

వాస్తవం: కొత్తది కొనేవాళ్లని ముంచేది ఇదే. పైన ర్యామ్ వద్దన్నవాణ్నే ఇక్కడ ముందే తీసుకోండి అంటున్నాను. పలుచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకి అతికించే వస్తుంది, స్లాట్ ఉండదు. స్పెసిఫికేషన్‌లో ఎల్‌పీడీడీఆర్ అని కనిపిస్తే దాదాపుగా అంతే సంగతి. 2020లో ఎం1 వచ్చినప్పటి నుంచి మ్యాక్‌బుక్‌లలోనైతే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, ఎవరి చేతా కాదు. అలాంటిది కొంటున్నప్పుడు ఇంకో నాలుగైదేళ్లు వాడాలనుకుంటే 16 జీబీకి ఇచ్చే అదనపు డబ్బు దండగ కాదు. అదే రెండు స్లాట్లున్న మోడలైతే తొందరేం లేదు, తక్కువతో తీసుకుని అవసరమైనప్పుడు వేసుకోవచ్చు.

ఇప్పటికే ఉన్నదాని సంగతి తెలుసుకోవాలంటే, టాస్క్ మేనేజర్‌లోని అదే మెమరీ పేజీలో "ఫామ్ ఫ్యాక్టర్" ఎదురుగా చూడండి. "సోడిమ్" అంటే మార్చుకోవచ్చు. "రో ఆఫ్ చిప్స్" అంటే అతికించింది. కొంత అతికించి ఒక స్లాట్ వదిలిన మోడళ్లూ ఉన్నాయి కాబట్టి కంపెనీ మాన్యువల్ కూడా ఒకసారి తిరగేయండి. స్టోరేజ్‌కి మాత్రం ఈ బెంగ తక్కువ. మ్యాక్‌బుక్‌లు, ఇంకా కొన్ని పలుచటివి పక్కన పెడితే ఎస్ఎస్‌డీని తర్వాత మార్చుకోవచ్చు. 1 టీబీ కోసం కొనేటప్పుడే ఎక్కువ పెట్టక్కర్లేదు.

అపోహ: ఐ7 ఎప్పుడూ ఐ5 కన్నా మేలు

వాస్తవం: ఐ5, ఐ7 అన్నవి ఇంటెల్ ప్రాసెసర్ల పేర్లు, ఆ పేరు చూసి డబ్బు పెట్టకండి. 2016లో వచ్చిన ఐ7-7500యూలో కోర్లు (ఒకేసారి విడివిడిగా పనిచేసే భాగాలు) 2. మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యూలో 4. చాలా పనుల్లో ఆ ఐ5 ఈ ఐ7ని దాటేస్తుంది. నంబరు చివర యూ ఉంటే కరెంటు పొదుపు రకం, హెచ్ ఉంటే ఎక్కువ కరెంటు తీసుకుని ఎక్కువ పనిచేసే రకం. ఒకే ప్రాసెసర్ కూడా పలుచటి ఒంట్లో వేడికి తట్టుకోలేక తగ్గుతుంది, దళసరి ఒంట్లో నిలబడుతుంది. రిపోర్టులు, మెయిళ్లు, కోడింగ్ నేర్చుకోవడం వరకే అయితే ఐ7 కోసం పెట్టే తేడాని ర్యామ్ మీదో, మంచి స్క్రీన్ మీదో పెట్టండి. వీడియో ఎడిటింగ్, త్రీడీ లాంటి పనులైతే సంగతి వేరు. అక్కడ ప్రాసెసరూ గ్రాఫిక్సూ ముందే ఆలోచించుకోవాలి. ఎందుకంటే ఈ రెండూ ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిట్లోనూ బోర్డుకి అతుక్కునే ఉంటాయి. "తర్వాత ఐ7 వేయించుకుంటా" అన్నమాట విన్నప్పుడల్లా నవ్వాలో ఏం చేయాలో తెలియదు.

అపోహ: స్లాట్‌లో పడితే చాలు, ఏ ఎస్ఎస్‌డీ అయినా పనిచేస్తుంది

వాస్తవం: దీనికి నేనే సాక్షి. ఎస్ఎస్‌డీలు ప్రధానంగా రెండు రకాలు, సాటా, దానికన్నా వేగమైన ఎన్‌వీఎంఈ. నా సొంత ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్‌కి ఎన్‌వీఎంఈ తెచ్చుకున్నాను. చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా బిగిసింది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో) మాత్రం కనిపించదు. గంటసేపు తిప్పలు పడ్డాక తేలింది, ఆ స్లాట్ సాటా రకానికే పనికొస్తుందట. పొడవు కూడా చూసుకోవాలి, 2242 (42 మిల్లీమీటర్లు) పట్టేచోట 2280 (80 మిల్లీమీటర్లు) పట్టదు. ఇక సాటాకి సెకనుకి 550 ఎంబీ, ఎన్‌వీఎంఈకి 3500, 7000 అని రాసుంటుంది. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా తేడా కళ్లకి కనిపిస్తుంది. 3500 నుంచి 7000కి మారితే మామూలు పనుల్లో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

మిగతావి గబగబా

డీడీఆర్4 ర్యామ్ స్లాట్‌లో దాని తర్వాతి తరం డీడీఆర్5 పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కకండి. రెండు ర్యామ్‌లు ఒకే కంపెనీవి కాకపోతే కాలిపోతుందన్నది పుకారు. సాధారణంగా రెంటిలో నెమ్మదిదాని వేగంతో నడుస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాటిలో ఒకే 16 కన్నా రెండు 8లు మేలు. వారంటీలో ఉంటే మూత విప్పేముందు షరతులు చదవండి.

పాతదాని మీద పెట్టడం దండగా? విప్పి చూడకుండా చెప్పలేను. బ్యాటరీ ఉబ్బి, హింజ్ విరిగి, స్క్రీన్ మీద గీతలుంటే వద్దంటాను. ఒళ్లు గట్టిగా ఉంటే ఒక్క ఎస్ఎస్‌డీతో ఇంకో రెండు మూడేళ్లు లాగొచ్చు. కాకపోతే విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ పైది కావాలి. అంతకన్నా పాతదైతే విండోస్ బదులు లినక్స్ వాడే ఉద్దేశం ఉందో లేదో ముందు తేల్చుకోండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేద్దామన్నాను. మొదటి ప్రశ్న స్పీడు గురించి కాదు, "నా ఫైళ్లు పోతాయా?" అని. ఈ భయం అందరికీ ఉంటుంది, ఉండాల్సిందే. చెడిపోతున్న డిస్క్ కూడా ఇలాగే 100 శాతం చూపిస్తుంది కాబట్టి ముందు రిపోర్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి చేతికిచ్చాను. తర్వాత మొత్తం డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి కాపీ (క్లోన్) పెట్టాను. రెండు గంటలు పట్టింది, కుర్చీలోంచి లేవకుండా, ఎంత కాపీ అయిందో చూపించే ఆ పచ్చగీతనే చూస్తూ కూర్చుంది. మార్చాక ఆన్ చేస్తే 20 సెకన్లలోపు డెస్క్‌టాప్ వచ్చింది. ఆ స్పీడేదీ పట్టించుకోకుండా ముందు రిపోర్ట్ ఫైల్ తెరిచింది, చివరి పేజీ దాకా స్క్రోల్ చేసింది, మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి చూసుకుంది. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టిచ్చి, బ్యాకప్‌కి వాడుకోమన్నాను. "మరి ఈ 16 జీబీ ర్యామ్ ఏం చేయను సార్?" అంది. ఉండనీ అన్నాను.