సిన్సినాటి సెమినరీ వివాదం: 2022 తీర్మానానికి ఇరవై ఏళ్ల ముందే పడిన బీజం

హీబ్రూ యూనియన్ కాలేజీ గురించిన వాదం మళ్లీ రాజుకుంది. అమెరికా యూదుల్లో అతి పెద్ద శాఖ అయిన రిఫార్మ్ శాఖకు రబ్బీలను, అంటే యూదు మతగురువులను, తయారుచేసే ఈ సెమినరీకి సిన్సినాటి (ఒహాయో రాష్ట్రం), న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, జెరూసలేం నగరాల్లో నాలుగు ప్రాంగణాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతదైన సిన్సినాటిలో, విద్యార్థులు అక్కడే ఉండి చదువుకునే రబ్బీ శిక్షణను 2026 విద్యా సంవత్సరంతో ముగించాలని పాలకమండలి 2022 ఏప్రిల్ 11న తీర్మానించింది. ఆ గడువు మీదికి రావడంతో అక్కడి గ్రంథాలయం, భవనాలు, తరతరాల దాతలు ఇచ్చిన నిధులు ఎవరివి, వాటిని ఎవరు ఏ పనికి వాడవచ్చు అన్న ప్రశ్నలు మళ్లీ ముందుకు వచ్చాయి.

1875లో ఐజాక్ మేయర్ వైజ్ ఈ కాలేజీని స్థాపించిన తీరు, 1883లో తొలి రబ్బీలు పట్టా పుచ్చుకున్న సందర్భం, 1972లో శాలీ ప్రీసాండ్ ఇక్కడి నుంచే అమెరికాలో తొలి మహిళా రబ్బీ అయిన ఘట్టం చాలాసార్లు చెప్పుకున్నవే. నేటి తగాదాను అర్థం చేసుకోవడానికి అవి పెద్దగా తోడ్పడవు. తోడ్పడేది 2002. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్ ప్రాంగణం తన సొంత రబ్బీల తొలి బృందానికి పట్టాలిచ్చింది. అప్పటికది పండుగే. సంస్థ ఖర్చుల లెక్క మాత్రం ఆనాటి నుంచే మారిపోయింది.

అంతకు ముందు పద్ధతి వేరు. 1922లో స్టీఫెన్ వైజ్ న్యూయార్క్‌లో స్థాపించిన జ్యూయిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రెలిజియన్ 1950లో సిన్సినాటి కాలేజీతో విలీనమైంది. ఇంటిపేరు ఒకటే అయినా ఈ ఇద్దరు వైజ్‌లకు బంధుత్వం లేదు. విలీనమైన సంస్థకు అధ్యక్షుడైన పురావస్తు శాస్త్రవేత్త నెల్సన్ గ్లూక్ న్యూయార్క్ శాఖలో మొదటి సంవత్సరాల చదువు మాత్రమే ఉంచి, మిగతా చదువునూ పట్టాలనూ సిన్సినాటికే పరిమితం చేయాలని చూశారు. న్యూయార్క్ పూర్వ విద్యార్థులు, అక్కడి ప్రార్థనా సంఘాలు గట్టిగా తిరగబడటంతో 1950ల మధ్యనాటికి ఆ ఆలోచనను విరమించుకోవలసి వచ్చింది. ఇవాళ సిన్సినాటి వాళ్లు అడుగుతున్న ప్రశ్ననే ఆనాడు న్యూయార్క్ వాళ్లు అడిగారు: ఒక ప్రాంతపు సమాజం కట్టుకున్న బడిని దూరాన ఉన్న పాలకమండలి ఓటుతో తగ్గించివేయవచ్చునా? ఆనాడు వచ్చిన జవాబు, తగ్గించకూడదని.

1954లో మొదలైన లాస్ ఏంజెలెస్ శాఖకు ఆ రోజుల్లో అంత ఆశ లేదు. అక్కడ రబ్బీ చదువు తొలి సంవత్సరాలకే పరిమితం. ఆ తరువాత విద్యార్థి సిన్సినాటికో న్యూయార్క్‌కో వెళ్లి పూర్తి చేసుకునేవాడు. 1963లో జెరూసలేం ప్రాంగణం వచ్చింది. 1970 నుంచి ప్రతి రబ్బీ విద్యార్థీ తొలి ఏడాది అక్కడే గడపాలన్న నియమం పెట్టారు. ఈ ఏర్పాటులో ప్రాంగణాలు నాలుగైనా పూర్తి స్థాయి రబ్బీ విద్యాలయాలు రెండే. పడమటి తీరం నుంచి విద్యార్థులు తూర్పుకు వచ్చి చేరడం వల్ల, పెద్ద నగరం కాని సిన్సినాటికి కూడా తరగతులు నిండేవి.

2002 తరువాత ఆ ప్రవాహం ఆగింది. లాస్ ఏంజెలెస్‌లో పూర్తి శిక్షణ కావాలన్న వాదనలో బలం లేకపోలేదు. యూదుల సంఖ్యలో అమెరికాలో న్యూయార్క్ తరువాతి స్థానం ఆ నగరానిదే. అక్కడ పుట్టి పెరిగినవారు అక్కడే చదివి అక్కడే పనిచేయాలనుకోవడం సహజం. కానీ రబ్బీ చదువు స్వభావాన్ని బట్టి చూస్తే ఖర్చు విద్యార్థుల సంఖ్యను బట్టి పెరగదు, తరగదు. హీబ్రూ, బైబిల్, తల్ముద్, ప్రార్థనా విధానం, చరిత్ర, తత్వం, ప్రసంగ కళ, ఇలా ఒక్కొక్క దానికి కనీసం ఒక్కొక్క ఆచార్యుడు ఉండాలి. తరగతిలో ఐదుగురున్నా పదిహేనుమందున్నా ఆయన జీతం ఒకటే. దానికితోడు ప్రతి చోటా ఒక డీన్, ఒక గ్రంథాలయం, ఒక భవనం, గుర్తింపు సంస్థల తనిఖీలు. రెండు బళ్లకు సరిపోయే విద్యార్థులను మూడు బళ్లకు పంచారు. చేరేవారు పెరుగుతూ పోతేనే అది గిట్టుబాటయ్యేది. వారు తగ్గుతూ వచ్చారు.

ఈ లెక్క పండితులకు తెలియనిదేమీ కాదు, పాలకులకూ తెలుసు. 2008 ఆర్థిక పతనం అది కాగితం మీద కనబడేలా చేసింది. మూలనిధి విలువ కుంగింది, విరాళాలు మందగించాయి. ముఖ్యంగా దేశంలోని రిఫార్మ్ ప్రార్థనా సంఘాలు తమ కేంద్ర సంఘానికి కట్టే సభ్యత్వ చందా పడిపోయింది. ఆ చందాలో కాలేజీకి ఒక వాటా వస్తుంది. కుటుంబాలు ప్రార్థనా సంఘాల్లో సభ్యత్వం మానుకుంటే సంఘం ఆదాయం తగ్గుతుంది, సంఘం ఆదాయం తగ్గితే చందా తగ్గుతుంది, చందా తగ్గితే కాలేజీ వాటా తగ్గుతుంది. విద్యార్థుల ఫీజుల మీద బతికే సంస్థ కాదు ఇది. అందుచేత ఈ గొలుసు తెగినప్పుడు ఫీజు పెంచి పూడ్చుకునే దారి కూడా లేదు.

2009 వసంతంలో అప్పటి అధ్యక్షుడు డేవిడ్ ఎలెన్సన్ పరిస్థితిని దాచకుండా బయటపెట్టారు. అమెరికాలోని మూడు ప్రాంగణాల్లో రెండింటిని మూసివేయడం కూడా పరిశీలనలో ఉన్న మార్గాల్లో ఒకటని చెప్పారు. దేశమంతటా కలకలం రేగింది. సిన్సినాటి, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ మూడింటి మద్దతుదారులూ తమ తమ ప్రాంగణానికి అండగా నిలబడ్డారు. కొద్ది నెలల్లోనే పాలకమండలి ఏదీ మూయకుండా అన్నిటినీ ఉంచాలని, ఖర్చు తగ్గించాలని, అధ్యాపకులను ఒకే సంస్థగా నడిపించాలని, దూరవిద్య సాధనాలతో ఒక ప్రాంగణపు పాఠం మరో ప్రాంగణం వినేలా చేయాలని నిశ్చయించింది.

ఆ రోజు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎలెన్సన్ ధైర్యాన్ని తక్కువ చేయడం ఈ రచయిత ఉద్దేశం కాదు. ముప్పును ముందుగా, బహిరంగంగా చెప్పిన అధ్యక్షులు తక్కువ. అయితే 2009 నిర్ణయం జబ్బుకు వైద్యం చేయలేదు, వాయిదా వేసింది. మూడు పూర్తి శిక్షణలను రెండుగా చేసే ప్రశ్న, అంటే 2002కు ముందున్న ఏర్పాటుకు ఏదో ఒక రూపంలో తిరిగి వెళ్లే ప్రశ్న, ఆ రోజు తేలి ఉంటే ఏ ఒక్క నగరానికీ పూర్తిగా తలుపు మూయకుండా పరిష్కరించే వీలుండేది. ఏ ప్రాంగణం ఏ సంవత్సరపు చదువు చెప్పాలో పంచుకోవడం ఈ సంస్థకు కొత్త కాదు. అర్ధ శతాబ్దం అలాగే నడిచింది.

2014లో పగ్గాలు చేపట్టిన ఆరన్ ప్యాంకెన్ 2018 మే నెలలో విమాన ప్రమాదంలో మరణించారు. ప్రణాళికలు మధ్యలో ఆగాయి. 2019లో ఆండ్రూ రేఫెల్డ్ వచ్చారు. రాజనీతి శాస్త్ర ఆచార్యుడు, సెయింట్ లూయిస్ యూదు సమాఖ్యకు అధ్యక్షుడిగా పనిచేసినవారు, కాలేజీకి రబ్బీ కాని తొలి అధ్యక్షుడు. ఆ వెంటనే కరోనా వచ్చింది. తరగతులు తెరల మీదికి మారాయి. దూరం నుంచి చదువు చెప్పవచ్చన్న సంగతి రుజువైంది. ప్రాంగణాలు ఎన్ని కావాలన్న ప్రశ్న దానితోపాటే పదునెక్కింది.

2022లో యాజమాన్యం వాదన క్లుప్తమైనది. పదిహేనేళ్లలో రబ్బీ విద్యార్థులు మూడో వంతుకు పైగా తగ్గారు. లోటు ఏటేటా పెరుగుతుంది. చేరేవారిలో ఎక్కువమంది తీర నగరాలనే కోరుకుంటున్నారు. కనుక ఆవాస శిక్షణ న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో ఉంటుంది. సిన్సినాటి పరిశోధన కేంద్రంగా, గ్రంథాలయానికీ అమెరికన్ జ్యూయిష్ ఆర్కైవ్స్‌కూ నెలవుగా కొనసాగుతుంది. అక్కడ ఎక్కువ కాలం ఉండనక్కరలేని కొత్త తరహా శిక్షణను అభివృద్ధి చేస్తారు.

సిన్సినాటి పక్షం వాదన అంత తేలికగా ముగియదు. వారు మొదట ఎత్తిచూపేది భూగోళం. తీరాలకు దూరంగా ఉన్న విశాలమైన మధ్య ప్రాంతానికీ, దక్షిణ రాష్ట్రాల్లో పెద్ద భాగానికీ దగ్గరగా ఉన్న రిఫార్మ్ సెమినరీ ఇదొక్కటే. ఇక్కడి విద్యార్థులు రెండు వారాలకొకసారి చిన్న ఊళ్ల ప్రార్థనా సంఘాలకు వెళ్లి ప్రార్థనలు జరిపించి, పిల్లలకు పాఠాలు చెప్పి, పెళ్లిళ్లూ అంత్యక్రియలూ చూసి వస్తుంటారు. పూర్తి కాలపు రబ్బీని పెట్టుకునే స్థోమత లేని పదుల కుటుంబాల సంఘాలకు ఆ విద్యార్థే రబ్బీ. తీర నగరాల్లో చదివేవారికి అంత దూరం రావడం కుదిరే పని కాదు. రెండవది, విద్యార్థులు తీరాలను కోరుకుంటున్నారన్న మాటలోని కార్యకారణం. మూడో చోట పూర్తి పట్టా ఇవ్వడం మొదలుపెట్టి, ఇటు వచ్చే దారిని సంస్థే మళ్లించి, ఇరవై ఏళ్ల తరువాత వచ్చేవారు లేరని చెప్పడం న్యాయమా అని వారు అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు 2022 ప్రణాళికలో నేరుగా సమాధానం లేదు. మూడవది, అధికారం క్రమంగా తరలిపోయిన చరిత్ర. 1873లో ఈ నగరంలోనే పుట్టిన ప్రార్థనా సంఘాల సమాఖ్య 1951లో ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్‌కు మార్చుకుంది. ఆ తరువాత సిన్సినాటికి మిగిలినది కాలేజీ ఒక్కటే.

చేరేవారి సంఖ్య తగ్గడం ఈ కాలేజీకే పరిమితం కాదన్నది నిజమే. బోస్టన్ దగ్గరి హీబ్రూ కాలేజీ తన భవనాన్ని వదులుకుని ఒక ప్రార్థనా సంఘంతో కలిసి ఉంటోంది. లాస్ ఏంజెలెస్‌లోని అమెరికన్ జ్యూయిష్ యూనివర్సిటీ 2022లో తన రబ్బీ శిక్షణ ఫీజును ఏడాదికి 7,000 డాలర్లకు దించింది. యూదులు కాని జీవిత భాగస్వాములున్నవారిని చేర్చుకోకూడదన్న నియమాన్ని హీబ్రూ కాలేజీ 2023లోనూ, హీబ్రూ యూనియన్ కాలేజీ 2024లోనూ తొలగించాయి. అందరూ చేస్తున్నది ఒకే చిన్న కొలనులో వేట. అయితే తక్కిన సంస్థలు ఒక్క భవనంతోనో ఒక్క నగరంతోనో సరిపెట్టుకుని సర్దుకున్నాయి. ఇక్కడ మూడు నగరాల మధ్య ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఇవ్వాల్సి రావడమే కష్టాన్ని తగాదాగా మార్చింది.

2024 జూన్‌లో తగాదా కోర్టుకెక్కింది. సిన్సినాటిలోని క్లావ్ గ్రంథాలయం యూదు గ్రంథాలకు ప్రపంచంలోని అతి గొప్ప నిలయాల్లో ఒకటి. చైనాలోని కైఫెంగ్ యూదుల హీబ్రూ రాతప్రతులు, పదిహేనో శతాబ్దపు సిన్సినాటి హగ్గదా (యూదుల పస్కా పండుగ విందులో చదివే గ్రంథం) అక్కడున్నాయి. అరుదైన పుస్తకాల విలువను సాథబీస్ వేలం సంస్థతో అంచనా వేయిస్తున్నారని తెలియగానే ఒహాయో అటార్నీ జనరల్ డేవ్ యోస్ట్ అమ్మకాన్ని ఆపాలంటూ దావా వేశారు. అమ్మాలన్న నిర్ణయమేదీ జరగలేదని కాలేజీ చెప్పింది. యోస్ట్ వాదన సారాంశం, ఈ పుస్తకాలను దాతలు ఒక ప్రయోజనం కోసం ఇచ్చారని, లోటు పూడ్చుకోవడానికి వాటిని అమ్మడం ఆ నమ్మకాన్ని వమ్ము చేయడమవుతుందని. ధర్మ సంస్థల ఆస్తులకు రాష్ట్ర అటార్నీ జనరల్ కాపలాదారు అన్నది అమెరికా చట్టంలో పాత సూత్రం. గుడికి దీపారాధన కోసం రాసిచ్చిన మాన్యాన్ని ధర్మకర్తలు వేరే ఖర్చులకు అమ్ముకోరాదన్న మన దేవాదాయ న్యాయం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

ఇలాంటి కేసు ఈ కాలేజీకి చెందిన ఒకరి విషయంలో అంతకు ముందే నడిచింది. బెర్లిన్‌లోని యూదు విద్యాపీఠంలో బోధించి, నాజీల నుంచి తప్పించుకుని 1940లో సిన్సినాటి చేరిన ఆచార్యుడు అలెగ్జాండర్ గుట్మన్ ఆ విద్యాపీఠపు హీబ్రూ గ్రంథాలను కాపాడి తన దగ్గర ఉంచుకున్నారు. 1984లో అవి న్యూయార్క్‌లో సాథబీస్ వేలానికి వచ్చాయి. అవి ఒక వ్యక్తి సొత్తు కాదని, ధ్వంసమైన ఒక సమాజపు వారసత్వమని న్యూయార్క్ అటార్నీ జనరల్ రాబర్ట్ ఏబ్రమ్స్ దావా వేశారు. 1985 నాటి రాజీతో వాటిలో చాలావరకు పండితులకు అందుబాటులో ఉండే గ్రంథాలయాలకు చేరాయి. నలభై ఏళ్ల తరువాత అదే వేలం సంస్థ, అదే రకపు అభ్యంతరం. అప్పుడు ప్రశ్నించబడినది ఒక వ్యక్తి హక్కు, ఇప్పుడు ఒక విద్యాసంస్థ హక్కు.

కనుక ఇప్పటి వివాదంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. రబ్బీ శిక్షణను ఎక్కడ ఉంచాలన్నది విద్యాపరమైన నిర్ణయం. దానిలో కోర్టులు తలదూర్చడానికి వెనుకాడతాయి. సిన్సినాటిలో పోగైన ఆస్తి మాత్రం వేరే సంగతి. ఆ కాలేజీ నాలుగు నగరాల్లో ఒకే సంస్థ, ఒకే ఖాతా. సిన్సినాటిలో పుస్తకమో స్థలమో అమ్మితే ఆ డబ్బు న్యూయార్క్ జీతాలకూ లాస్ ఏంజెలెస్ మరమ్మతులకూ వెళ్లకుండా ఆపే గోడ సంస్థ లోపల లేదు. అలాంటి గోడ ఏదైనా ఉంటే అది దాతలు పెట్టిన షరతుల్లోనూ, ఒహాయో చట్టంలోనూ ఉండాలి. ఏ విరాళం ఏ షరతుతో వచ్చిందో, ఏ పుస్తకం ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో ఒక్కొక్కటిగా పాత కాగితాల్లో తేల్చవలసి ఉంటుంది. ఆ కాగితాల్లో చాలా భాగం సిన్సినాటిలోనే, ఇప్పుడు విద్యార్థులు ఖాళీ చేస్తున్న ప్రాంగణంలోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.