ఇరుసు పక్కకు జరిగిన గిలక

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కాంపౌండ్ విల్లు నేర్చుకుంటోంది. రెండో వారంలో బాణం పెట్టకుండానే నారి లాగి వదిలేసిందట. విల్లు విరగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా కోచ్ గారు ఆ రోజంతా ఆ విల్లు ముట్టనివ్వలేదు. ఇదేమన్నా సెంటిమెంటా అండీ?"

కాదండీ. కానీ మీకు ఆ అనుమానం రావడంలో వింత లేదు. మన పౌరాణిక సినిమాల్లో వీరుడు యుద్ధానికి దిగగానే చేసే మొదటి పని అదే కదా, ఒట్టి నారిని మీటి ధనుష్టంకారం చేయడం! కాంపౌండ్ విల్లుతో ఆ ముచ్చట తీర్చుకోబోతే శత్రువు గుండె సంగతేమో గానీ, విల్లుకు పైనా కిందా వంగే బద్దలు పగులుతాయి. శివధనుస్సు విరిచిన రాముడికి సీతమ్మ దక్కింది. ఇది విరిస్తే చాలా కంపెనీల వారంటీ కూడా దక్కదు.

ఎందుకో తెలియాలంటే బావి దగ్గరికి వెళ్దాం. గిలకకు ఇరుసు నడిమధ్యన ఉంటుంది. అందుకే చేంతాడు ఎంత లాగినా చేద బరువు ఒకేలా ఉంటుంది. ఇరుసు రంధ్రాన్ని అంచు వైపు జరిపి వేశామనుకోండి. గిలక తిరుగుతుంటే ఒకసారి బరువు, ఒకసారి తేలిక. నీళ్లు తోడేవాళ్లు వడ్రంగిని తిట్టుకుంటారు. అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలో హోలెస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన సరిగ్గా ఆ వంకర గిలకనే తెచ్చి విల్లు కొనలకు బిగించాడు. 1966లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1969లో వచ్చింది. కాంపౌండ్ విల్లంటే అదే. ఇప్పటి గిలకలను క్యామ్‌లంటారు. అవి గుండ్రంగా కూడా ఉండవు, జీడిపిక్కలా ఉంటాయి.

క్యామ్‌కు రెండు గాళ్లుంటాయి. ఒకదాని మీద నుంచి నారి విప్పుకుంటుంటే, రెండోదాని మీద కేబుల్ చుట్టుకుంటూ అవతలి కొనను ఇవతలికి లాగుతుంది. బద్దలను వంచేది ఆ కేబులే. లాగడం మొదలుపెట్టినప్పుడు ఇరుసు నుంచి నారికి దూరం తక్కువ, కేబుల్‌కు ఎక్కువ. చేతికి బరువు తెలుస్తుంది. క్యామ్ తిరిగేకొద్దీ ఈ దూరాలు తారుమారవుతాయి. చివరికి నారి ఇరుసుకు 6 సెంటీమీటర్ల దూరంలో, కేబుల్ 1 సెంటీమీటరు దూరంలో ఉన్నాయనుకుందాం. కేబుల్‌లో ఎంత బిగువుంటే అందులో ఆరో వంతు నారిలో ఉంటే చాలు, క్యామ్ నిలబడిపోతుంది. బద్దలు పూర్తిగా వంగి ఉన్నాయి, చేతికి మాత్రం తేలిక! గడపార కింద రాయి పెట్టి బండను లేపే కిటుకే ఇది, కాకపోతే రాయి దానంతటదే జరుగుతూ పోతుంది.

లెక్క వేద్దాం. 50 పౌండ్ల విల్లు అంటే గరిష్ఠంగా 22.7 కిలోల లాగుడు, దాదాపు బియ్యం బస్తా. లెట్ ఆఫ్, అంటే చివర్లో తగ్గే బరువు, 70 శాతం అయితే, చివర పట్టుకుని నిలబడాల్సింది 6.8 కిలోలే. మామూలు విల్లు దీనికి పూర్తిగా ఉల్టా. లాగేకొద్దీ బరువెక్కి, గురి చూడాల్సిన క్షణానికి చెయ్యి వణికిస్తుంది. లాగే దూరం 48 సెంటీమీటర్లనుకుంటే మామూలు విల్లులో బలం మెట్టు మెట్టుగా పెరుగుతుంది కాబట్టి సగటు సగమే, దాచే శక్తి సుమారు 53 జౌళ్లు. కాంపౌండ్‌లో బలం మొదట్లోనే పైకెక్కి చాలాసేపు అక్కడే ఉంటుంది. సగటు నాలుగింట మూడు వంతులనుకున్నా 80 జౌళ్లు. అందులో 65 బాణానికి అందినా, 20 గ్రాముల బాణం గంటకు 290 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

బాణమే లేకపోతే? మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే వెన్నుదాకా ఝల్లుమంటుందే, అదే జరుగుతుంది. తీసుకెళ్లేవాడు లేక 80 జౌళ్లూ బద్దల్లోకి, క్యామ్ ఇరుసుల్లోకి, నారిలోకి తిరిగి వస్తాయి. నారి గాడి తప్పుతుంది, క్యామ్ వంగుతుంది, బద్ద చీలుతుంది. మరీ తేలికైన బాణం వేసినా సగం ఇదే కథ. అందుకే పౌండుకు కనీసం 5 గ్రెయిన్ల బరువన్న నియమం. 50 పౌండ్లకు 250 గ్రెయిన్లు, అంటే 16.2 గ్రాములు.

ఇంకో ప్రమాదం వెనక్కి దించడంలో ఉంది. ఇది పిల్లలకు ఎవరూ ముందుగా చెప్పరు. గురి కుదరలేదు, బాణం వదలకుండా నారిని మెల్లగా దించేద్దామనుకుంటారు. చేతిలో ఉన్నది 6.8 కిలోలే కదా అని ధీమా. రెండు మూడు అంగుళాలు ముందుకు పోనివ్వగానే క్యామ్ మిట్ట దాటి, 22 కిలోలు ఒక్కసారిగా చేతిని లాక్కుపోతాయి. నేను ఓ సాయంత్రం సరదాగా ప్రయత్నించినప్పుడు భుజం ఊడినంత పనైంది. అదే రోజు మోచేయి లోపలివైపు తిరిగి ఉండటంతో నారి ముంజేతిని ఒరుసుకుపోయింది. వారం రోజులు అక్కడ నేరేడుపండు రంగు.

ఈ గిలక వల్లే విల్లు అరువు తెచ్చుకోకూడదు. తేలిక అయ్యే చోటు క్యామ్‌లో ఖాయంగా ఉంటుంది, మీ చెయ్యి పొడవును బట్టి మారదు. రెండు చేతులు చాపి, కొన నుంచి కొనకు కొలిచి, 2.5తో భాగిస్తే, విల్లు పిడి నుంచి పూర్తిగా లాగిన నారి దాకా ఉండాల్సిన కొలత సుమారుగా వస్తుంది. 160 సెంటీమీటర్లుంటే 64, అంటే 25 అంగుళాల చిల్లర. అన్నయ్య 28 అంగుళాల విల్లు చెల్లెలికిస్తే తేలిక దగ్గరికి చేరకుండానే ఆగిపోతుంది, లేదా మెడ వెనక్కి వాల్చి చేరుకుంటుంది. బరువు ఎక్కువైతే పిల్లలు విల్లును ఆకాశంలోకి ఎత్తి లాగుతారు. అది చూడగానే కోచ్ ఆపేయాలి. చెయ్యి జారితే బాణం టార్గెట్ వెనకున్న కట్టను కూడా దాటిపోతుంది.

కాళ్లు ఎలా పెట్టాలి, శ్వాస ఎలా ఆపాలి అన్నవి కోచ్ గారే నేర్పుతారు, నాకు వాటి మీద పెద్ద ఆసక్తి లేదు. రిలీజ్ గురించి మాత్రం ఒక మాట. కాంపౌండ్ నారిని వేళ్లతో వదలరు, కొక్కెం లాంటి పరికరంతో వదులుతారు. లాగేటప్పుడు వేలు మీట వెనకే ఉండాలి. లేదంటే బాణం మధ్యలోనే పోతుంది, పిడికిలి వచ్చి మూతికి తగులుతుంది. చాలా రిలీజుల్లో మీట నొక్కేది బొటనవేలు. ఏకలవ్యుడి కథ చెప్పి "బొటనవేలు లేకపోతే విలువిద్యే లేదు" అనే మాస్టార్లున్నారు. పక్కనే రికర్వ్, అంటే గిలకలు లేని విల్లు, వేసే పిల్లల్ని చూపించండి వాళ్లకి, మూడు వేళ్లతో లాగుతుంటారు, బొటనవేలు ఖాళీయే.

ఇంత హైరానా ఎందుకంటారా? 50 మీటర్ల దూరంలో పది మార్కుల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. మధ్య నుంచి అంచుకు 4. కంటికీ, విల్లు మీద గురి చూసే సైటుకీ మధ్య 80 సెంటీమీటర్లుంటే, సైటు 0.64 మిల్లీమీటరు కదిలితే పది పోయినట్టే. విల్లును పిడికిలి బిగించి పట్టుకోవద్దనేది ఇందుకే, వేళ్ల బిగువుకే అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది. మీ ఊరి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇదే కాంపౌండ్‌తో మూడు స్వర్ణాలు తెచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ కూడా ఉంది. కాబట్టి మీ అమ్మాయిని మాన్పించకండి.

దసరాకు విల్లుకు బొట్టు పెట్టండి, తప్పులేదు. నారికి మాత్రం మైనం కావాలి.

ఇక కోచ్ గారు ఆ రోజంతా ఏం చేసి ఉంటారంటే, ముందు నారి రెండు క్యామ్‌ల గాళ్లలోనూ కుదురుగా ఉందో లేదో చూసి ఉంటారు. క్యామ్‌ను తిప్పుతూ పక్క నుంచి కన్ను పెట్టి ఊగుతోందేమో చూస్తారు. తర్వాత చిన్న దూది ఉండ తీసుకుని బద్దల అంచుల మీద పైనుంచి కిందికి నెమ్మదిగా రాస్తారు. కంటికి నున్నగా కనిపించే చోట పీచు లేచి ఉంటే, అక్కడ ఒక తెల్లటి దూదిపోగు చిక్కుకుని ఆగిపోతుంది.