ఈగ ఒకటా, వేరా? మామిడి తోటల్లో మళ్లీ రేగిన తగువు వెనక కథ

సువర్ణరేఖ కోతలు మొదలయ్యాయంటే విశాఖ, అనకాపల్లి, విజయనగరం జిల్లాల తోటల్లో పండు ఈగ మాట రాక మానదు. ఈసారీ వచ్చింది. కాయ కోస్తే గుజ్జులో తెల్ల పురుగులు కనబడుతున్నాయి. బేరం అక్కడితో ఆగుతోంది, లేదా రేటు తెగుతోంది. ఆ వెంటనే రేగుతున్న తగువు మాత్రం పురుగు గురించి కాదు, అది ఎక్కడిదన్న దాని గురించి. ఇది మా ఈగ కాదు, కృష్ణా వైపు నుంచో ఒడిశా నుంచో లారీల్లో దిగిందని రైతులు అంటున్నారు. మీ వైపు ఈగ జాతే వేరు, ఇంకోచోట పనిచేసిన ఎర బుట్టలు ఇక్కడ పనిచేయవు, అందుకే మీ సరుకుకు ఈ రేటేనని కొనేవాళ్లు అంటున్నారు. చూడ్డానికి ఎదురెదురు మాటలే గానీ రెండింటికీ ఆధారం ఒక్కటే: ఊరు మారితే ఈగా మారుతుందన్న నమ్మకం.

పండు ఈగ కాయలో పెట్టిన గుడ్డే ఆ తెల్ల పురుగవుతుందని ఇక్కడి పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. ఈ తగువును తేల్చే విషయం ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గర్లోని సైబర్స్‌డార్ఫ్ ప్రయోగశాలలో బయటపడింది. అది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి నడిపే చోటు. మామిడి చెట్టు పెరగని దేశంలో మన మామిడి ఈగ గుట్టు తేలిందన్నమాట.

అప్పటికి పుస్తకాల్లో ఉన్న లెక్క ఇది. మన తోటల్లో ఎక్కువగా కనిపించేది బాక్ట్రోసెరా డోర్సాలిస్. నల్లటి వీపు, పొట్ట మీద ఆంగ్ల అక్షరం ‘టీ’ లాంటి గుర్తు. 1994లో డ్రూ, హాంకాక్ అనే శాస్త్రవేత్తలు ఆగ్నేయాసియా ఈగలను విడదీసి మలేసియా వైపు దానికి పపాయే అనీ, ఫిలిప్పీన్స్ దానికి ఫిలిప్పినెన్సిస్ అనీ, ఇంకొకదానికి కారంబోలే అనీ పేర్లు పెట్టారు. 2003లో కెన్యాలో ఎప్పుడూ చూడని ఈగ ఒకటి మామిడి మీద విరుచుకుపడింది. కొన్నేళ్లలోనే ఆఫ్రికాలో చాలా దేశాలకు పాకింది. 2005లో దానికి ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు. అలాంటివే శ్రీలంకలో ఉన్నాయని గుర్తించారు. మన ఈగకు నల్లగా ఉండే వీపు వీటిలో కొన్నిటికి ఎర్రగా, గోధుమ రంగులో ఉండేది. పేరు వేరైతే క్వారంటైన్ నిబంధనా వేరే. ఒక దేశంలో లేని పేరు ఇంకో దేశపు పండులో కనిపిస్తే ఆ పండు ఓడరేవు దాటదు.

2010 తర్వాత సైబర్స్‌డార్ఫ్‌లో పురుగును సూదికి గుచ్చి రంగు చూడడం పక్కనబెట్టి, అసలు ఈగలనే అడిగారు. మనిషి నిలబడేంత ఎత్తున్న వల గుడారం, లోపల ఆకు దట్టంగా ఉన్న చెట్టు. రెండు ప్రాంతాల ఈగలను మగా ఆడా విడిగా పెంచి, ఈడు వచ్చాక ఏ ప్రాంతానిదో తెలిసేలా వీపు మీద రంగు చుక్క పెట్టి లోపలికి వదిలారు. డోర్సాలిస్ పగలంతా జతకట్టదు. వెలుతురు పలచబడే వేళకు మగవి ఆకుల కింద గుంపుగా చేరి, తలా ఒక ఆకు పట్టుకుని రెక్కలు ఆడిస్తాయి. పొట్ట పైభాగంలోని వెంట్రుకల వరసకు రెక్క రాసుకుని సన్నని మోత వస్తుంది, దాంతోపాటు వాసనా వదులుతాయి. ఆడది వచ్చి ఎంచుకుంటుంది. కలిసిన జత తెల్లవార్లూ విడిపోదు. పరిశీలకులు ఒక్కో జతను చిన్న సీసాలోకి తీసుకుని ఏ చుక్క ఏ చుక్కతో కలిసిందో రాసుకున్నారు. ఆ లెక్కల నుంచి ఒక సూచిక కట్టారు: తమ ప్రాంతపు ఈగతోనే కలిస్తే అది 1 వైపు పోతుంది, ఎవరితోనైనా కలిస్తే 0 దగ్గర ఉంటుంది.

సూచిక 0 దగ్గరే నిలిచింది. డోర్సాలిస్, పపాయే, ఫిలిప్పినెన్సిస్ ఒకదాన్నొకటి వేరుగా చూడలేదు. ఆ తర్వాత కెన్యా ఇన్వాడెన్స్‌ను తెచ్చి కలిపినా అదే ఫలితం. సంకర సంతానమూ మామూలుగానే పెరిగింది. కారంబోలే ఒక్కటే చాలావరకు తన జాతిని వెతుక్కుంది. దీనికి డీఎన్ఏ, రెక్కల కొలతలు, మగ ఈగ విడిచే వాసన రసాయనాలు తోడయ్యాయి. 2014 అక్టోబరులో పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి పపాయే, ఫిలిప్పినెన్సిస్, ఇన్వాడెన్స్ అన్న మూడు పేర్లూ కొట్టేశారు. అన్నీ డోర్సాలిసే. కారంబోలే మాత్రం విడిగా మిగిలింది.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. డ్రూ 2016లో రోమిగ్ అనే సహ శాస్త్రవేత్తతో కలిసి ఇన్వాడెన్స్ పేరును మళ్లీ నిలబెట్టారు. శరీర నిర్మాణంలో, రంగులో తేడాలున్నాయని ఆయన వాదన. గుడారం ప్రయోగాన్ని నమ్మేవాళ్ల జవాబు ఇది: రంగు వాతావరణాన్ని బట్టీ, తిండిని బట్టీ మారొచ్చు, కానీ ఎవరితో జతకట్టాలో ఈగకు తెలుసు. తోటలో నిలబడి ఆలోచించేవాడికి రెండో మాటే పనికొస్తుంది. లారీలో వచ్చిన ఈగ ఇక్కడి ఈగతో కలిసి పిల్లల్ని కంటున్నప్పుడు, అది కృష్ణాదా ఒడిశాదా అన్న ప్రశ్నకు బేరంలో చోటు లేదు.

ఎర బుట్ట పనిచేయదన్న మాట సంగతీ ఇక్కడే తేలుతుంది. ఆ బుట్టలో మగ ఈగలను రప్పించే రసాయనం మిథైల్ యూజినాల్, దాని కథ మన దేశంలోనే మొదలైంది. బీహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త ఎఫ్.ఎం. హౌలెట్ సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు ముసరడం గమనించి 1912లో రాశారు. ఆ ఆకర్షణకు మూలం మిథైల్ యూజినాలని 1915కల్లా తేల్చారు. మన తులసిలోనూ అదే ఉంది, అందుకే తులసి ఆకుల మీద ఈ ఈగలు వాలుతాయి. మగ ఈగ దాన్ని తిని ఒంట్లో వేరే రసాయనాలుగా మార్చుకుని, సందెవేళ ఆడదాన్ని పిలిచే వాసనగా వదులుతుంది. తిన్న మగవాటికే ఆడవి ఎక్కువగా దక్కుతాయి. అంటే బుట్ట ఈగ ఆకలిని కాదు, దాని పెళ్లి ఏర్పాట్లను పట్టుకుంటోంది. జాతి ఒకటే అయినప్పుడు ఒకచోట పట్టే ఎర ఇంకోచోట పట్టకపోవడానికి జాతి కారణం కాదు. ఎర ఎన్నాళ్లకు మార్చారు, పక్క తోటలో కట్టారా లేదా అన్నవి అడగాలి. బుట్టలో పడేవన్నీ మగవే. ఒక్క తోటలో మగవి తగ్గినంత మాత్రాన, పక్క తోటలో జతకట్టి గట్టు దాటి వచ్చే ఆడదాన్ని ఏ బుట్టా ఆపదు. జపాన్ ఒకినావాలో 1980ల్లో ఇదే ఈగను ఇదే ఎరతో నిర్మూలించగలిగారంటే ఒక్కో రైతును ఒంటరిగా వదిలేయకుండా ప్రాంతమంతా కలిపి ఎర పెట్టారు కాబట్టే.

ప్రాంతం ఎప్పుడూ లెక్కలోకి రాదని కాదు. దక్షిణ అమెరికా పండు ఈగ అనాస్ట్రెఫా ఫ్రాటర్‌క్యులస్ ఒకే పేరుతో చలామణీ అయినా, అర్జెంటీనా ఈగ తెల్లవారుజామున జతకడితే పెరూ ఈగ పొద్దెక్కాక జతకడుతుంది. గుడారంలో కలిపితే చాలావరకు ఎవరి దారి వారిదే. మధ్యధరా పండు ఈగ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఐదు ఖండాల నుంచి తెచ్చినా కలిసిపోయిందని 2002లో చూపించారు. కాబట్టి తేడా ఉందో లేదో జత పరీక్ష చెప్పాలి, రేటు కట్టేవాళ్లు కాదు.

మన తోటల్లో నిజంగా ఉన్న తేడా వేరేది, దాని గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఇదే మిథైల్ యూజినాల్ బుట్టకు మన దేశపు మామిడి తోటల్లో డోర్సాలిస్‌తో పాటు జొనాటా, కరెక్టా అనే ఇంకో రెండు జాతులూ వస్తాయి. ఎర్రటి గోధుమ రంగు ఒళ్లు, రెక్క చివర చిన్న మచ్చ ఉంటే జొనాటా. వీపు నల్లగా ఉండి రెక్క అంచు గీత మధ్యలో తెగి, కొసన మచ్చగా కనిపిస్తే కరెక్టా. ఇవి నిజంగా వేరు జాతులు. శాస్త్రవేత్తలు ఒకదాన్ని నాలుగుగా చూస్తే మనం మూడింటిని ఒకటిగా చూస్తున్నాం.

2014 మే నుంచి ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపినప్పుడు, అంతకు ముందు ఏడాది మన దేశం నుంచి వెళ్లిన 207 పండ్ల, కూరగాయల సరుకుల్లో పురుగులు దొరకడాన్ని కారణంగా చూపింది. ఫలానా జిల్లా ఈగ అని ఎవరూ రాయలేదు. 2015 మొదట్లో నిషేధం ఎత్తేసింది కూడా ఇక్కడి తనిఖీలు, శుద్ధి పద్ధతులు మారాయన్న నమ్మకంతోనే. 48 డిగ్రీల వేడి నీళ్లలో 60 నిమిషాలు ఉంచితే లోపలి గుడ్డూ పురుగూ చస్తాయి, అది ఏ ఊరి ఈగదైనా సరే. ఆ సౌకర్యం చేతికందే దూరంలో లేని రైతును పట్టుకుని, నీ ఈగ జాతే చెడ్డదని రేటు తగ్గించడం అన్యాయం. ఊరంతా ఒకే వారంలో బుట్టలు కట్టించి, పడిన ఈగలను జాతులవారీగా లెక్కబెట్టించి, రాలిన కాయలను గుంత తీసి పూడ్పించే బాధ్యత ఉద్యాన శాఖది. ఆ లెక్క మార్కెట్ యార్డుల్లో బోర్డు మీద పెడితే రైతూ వ్యాపారీ దాన్నే చూసి మాట్లాడుకోవచ్చు.